మట్టంటని చొక్కా

శనివారం రాత్రి తొమ్మిదింటికి
నేను చొక్కాలు చదువుతాను.
ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఇదే నా పేపరు.
మోచేతి దగ్గర పచ్చి గడ్డి: జారి బంతి లాక్కున్నాడు.
వీపంతా బురద: ఎవడో వెనకనుంచి పడదోశాడు.
మెడపట్టీ సాగింది: తగువు.
ఎవరెంత ఆడారో స్కోరుబోర్డు చెప్పదు,
మావిస్ ఆకెన్‌షా చెబుతుంది
సబ్బు నురగలోంచి.

ఒకప్పుడు ఈ చొక్కాల్లో
మా సందుల పిల్లలుండేవాళ్లు.
బేకరీ వెనకింటివాడు, గ్యాస్ ఫ్యాక్టరీ గోడవతలివాడు,
మా పెదనాన్న మనవడొకడు,
పరుగు తప్ప వాడికింకేం రాదు.
ఇప్పుడు పధ్నాలుగు దేశాలు
నా తీగ మీద ఆరుతున్నాయి.
పేర్లు కూడబలుక్కుని అంటిస్తాను,
ఒక్క అక్షరం తప్పినా ఆ అబ్బాయి
వాళ్లమ్మకేం చెప్పుకుంటాడోనని.
యజమాని ఎవరో పెద్దమనిషి.
ఆయన్ని వానలో ఇంతవరకు చూడలేదు.

ముప్ఫై ఎనిమిదో నంబరు థ్రెల్‌ఫాల్.
బస్సు డ్రైవరు కొడుకు.
ఎనిమిదేళ్లప్పుడొచ్చాడు,
మోకాళ్ల దాకా వేలాడే చొక్కాలో.
పంతొమ్మిదొచ్చేసరికి చొక్కా సరిపోయింది,
చోటే దొరకలేదు.
వారం వారం బెంచి మీంచి
మడత నలగకుండా తిరిగొచ్చేది,
కొట్లో కొన్న వాసనతో.
అయినా ఉతికేదాన్ని.
మిగతావాటితో పాటే వెలవాలి కదా,
లేకపోతే తెలిసిపోతుంది.

ఆ చోట్లో ఆడేది లెవాన్ త్సిక్లౌరి.
జార్జియా కొండల్నించి, మూడు కోట్ల పౌన్లకి.
అతని చొక్కా నానబెడితే
తొట్టి అడుగున
చిన్న పొలం మిగులుతుంది.

జూన్‌లో దేశం జట్టుకి
కుడిపక్క మనిషి కావలసొచ్చాడు.
ఒకడికి మోకాలు, ఒకడికి తొడ కండరం, ఒకడికి పెళ్లాం పురుడు.
లీగంతా జల్లెడ పట్టినా
ఇంగ్లీషు పాస్‌పోర్టున్న కుడికాలు
నాలుగోది తేలలేదు.
థ్రెల్‌ఫాల్‌ని పిలిచారు.
ఇంట ఆడనివ్వని వాణ్ణి
రచ్చ గెలిచి రమ్మన్నారు.

ఎనభై మూడో నిమిషం.
బంతి వచ్చింది.
అతను ఆలోచించాడు.
అంతే, అర సెకను.
అలవాటున్న కాలు ఆలోచించదు.
మగ్గం దగ్గర మా అమ్మ చేతుల్లో
చిన్నప్పుడే చూశానది.
అవతలివాడు వెళ్లిపోయాడు. వల ఊగింది.
తెల్ల చొక్కా మీద ఒక్క మరకైనా లేకుండా
దేశం ఓడిపోయింది.

"పరాయివాళ్లని తెచ్చి మేపితే ఇంతే!"
గ్లాసు బల్లకేసి కొట్టాడు మా మరిది.
శనివారమొస్తే ఆ పరాయి పేరునే
గొంతు చించుకుని అరుస్తాడు.
నేనేం అనలేదు.
ఈ ఊళ్లో ఎన్నడూ ఒక్క పత్తికాయ పగల్లేదు.
ఓడల్లో దూదొచ్చేది, మావాళ్లు నేసేవాళ్లు,
బట్ట మా ఊరి పేరుతో పోయేది.
ఇప్పుడు కాళ్లొస్తున్నాయి.
కాకపోతే అప్పుడు
నేతైనా మా చేతుల్లో ఉండేది.

జులైలో లెవాన్ తిరిగొచ్చాడు,
ద్రాక్షరసంలో ముంచిన అక్రోటు దండొకటి నాకు తెచ్చి.
"మా జట్టులో సగంమంది ఇల్లొదిలినవాళ్లే.
మీ పిల్లలు గడప దాటరేం?" అన్నాడు.
కోపమొచ్చింది.
తిన్నాను. బాగుంది.
ఆ సాయంత్రం వెనక మైదానంలో ఇద్దరే,
ఇతను మలుపు తిరగడం చూపిస్తున్నాడు,
థ్రెల్‌ఫాల్ పడుతున్నాడు, లేస్తున్నాడు.
కిటికీ వెయ్యబోయి ఆగాను.

ఆగస్టులో వాణ్ణి అరువిచ్చారు
బెల్జియంలో ఒక చిన్న ఊరికి.
అక్కడ వాడే పరాయివాడు.
అక్కడా ఎవడో
గ్లాసు బల్లకేసి కొడుతూనే ఉంటాడు.

నిన్న ఫొటో పంపాడు.
ముఖం సరిగా పడలేదు.
చొక్కా మాత్రం
భుజం నుంచి అంచు దాకా బురద.
ఎంతసేపు చూశానో.

అక్కడ ఉతికేదెవరో తెలియదు.
ముందు చన్నీళ్లలో నానబెట్టమని
వాళ్ల భాషలో ఎలా చెప్పాలో.
వేడినీళ్లు తగిలితే
ఆ మట్టి ఇంక వదలదు.